చక్రాల పీట మీద ముత్యమ్మ

పండు వంటింట్లో పీట మీద అడ్డంగా నిలబడ్డాడు. ఎడమ పాదం ముందుకు, కుడి పాదం వెనక్కి, మోకాళ్లు కొంచెం వంచి, రెండు చేతులూ చాచి. రెండున్నరేళ్ల పిల్లలు పీట ఎక్కితే ఎదురుగా చూస్తూ ఎక్కుతారు, దూకుతారు. వీడు పక్కకు తిరిగి, మెడ మాత్రం ఎడమ భుజం మీదుగా ముందుకు తిప్పి, ఎక్కడికో సాగిపోతున్నట్టు ఊగుతున్నాడు. పప్పులో పోపు వెయ్యబోతున్న సుమిత్ర చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

అట్లా నిలబడే మనిషి ఇస్నాపూర్ మొత్తంలో ఒక్కతే. పండు నానమ్మ, సుమిత్రకు అత్త, ముత్యమ్మ.

అత్త సంగతి సుమిత్రకు నెల కిందటే తెలిసింది. ఊరి పక్కన కొత్తగా వేస్తున్న రింగు రోడ్డు మీదికి ఎక్కడానికి ఒక వాలు కట్టారు. తారు వేశారు గానీ ఇంకా బండ్లను వదల్లేదు. కోడలు కంపెనీ బస్సెక్కగానే ముత్యమ్మ ఆ వాలు పైకి నడిచి, చక్రాలున్న చెక్క మీద నిలబడి కిందికి జారుతుంది. ఆ సమయంలో పిల్లవాణ్ని పక్కింటి రాజవ్వ చూసుకుంటుందని చెప్పింది. సుమిత్ర నమ్మింది. నమ్మక చేసేదేముంది? కెమిస్ట్రీలో డిగ్రీ చేసి, పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబులో చేరింది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. భర్త యాదగిరి భానూరు దారిలో ఒక చిన్న మెషిన్ షాపులో లేతు పని చేస్తాడు. పిల్లవాణ్ని చూసుకోవడానికి అత్త తప్ప మరో మనిషి లేదు. అత్త చెయ్యో కాలో విరిగితే ల్యాబు పని పోతుంది. పిల్లవాడికే ఏమన్నా అయితే? అక్కడిదాకా వచ్చి సుమిత్ర ఆలోచన ఆగిపోయేది.

ఇప్పుడు వాడు పీట మీద ఊగుతున్నాడు. చూడనిదే రాదు ఆ భంగిమ.

ముత్యమ్మకు ఆ చక్రాల చెక్క ఎట్లా వచ్చిందో ఇస్నాపూర్‌లో పాతవాళ్లందరికీ తెలుసు. ఆమె చిన్నప్పుడు తల్లితోపాటు దగ్గర్లోని పంటల పరిశోధన కేంద్రానికి కూలికి వెళ్లేది. జొన్న కంకులు పాలు పోసుకునే రోజుల్లో పిట్టల కావలి ఆమె పని. చేతిలో ఒక రేకు డబ్బా, ఒక కర్ర. మళ్ల మధ్య నున్నటి తారు దారులుండేవి. అక్కడ పనిచేసే తెల్లదొర ఒకాయన కూతురు సాయంత్రాలు ఆ దారుల మీద చక్రాల చెక్క ఎక్కి తిరిగేది. ఆ పిల్ల పేరు ముత్యమ్మకు నోరు తిరిగేది కాదు. ముత్యమ్మ పేరు ఆ పిల్లకు అసలే తిరిగేది కాదు. అయినా ఇద్దరూ వంతులేసుకుని ఎక్కేవాళ్లు. ముత్యమ్మ పరికిణీ పైకి దోపుకుని, డబ్బా మోగిస్తూ, ఈ చివర మడి నుంచి ఆ చివర మడికి చెక్క మీదే పోయేది. మిగతా పిల్లలు ఉరికి వచ్చేసరికి పిట్టలు సగం కంకి తినేవి. ఈమె వచ్చేసరికి లేచిపోయేవి. అందుకే మేస్త్రీ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

దొర కుటుంబం తమ దేశం వెళ్లిపోతూ చెక్కను ఆమెకే ఇచ్చింది. కూలివాళ్లు దానికి చక్రాల పీట అని పేరు పెట్టారు. మరుసటి ఏడు ముత్యమ్మకు పెళ్లయింది. అత్తగారింట్లో పీట అటకెక్కింది. యాదగిరి పుట్టాడు, కలుపులు, కోతలు, తర్వాత ఫ్యాక్టరీల్లో ఊడ్చే పని. అయిదేళ్ల కిందట భర్త జబ్బు చేసి పోయాడు. పండు పుట్టాక పనికి పోవడం మాని ఇంటిపట్టున ఉంది. ఈ ఏడు వానలకు అటక మీద కురిస్తే సామాన్లు దించారు. అందులో పీట కూడా దిగింది. చక్రాలు పాతబడి వేలితో నొక్కితే పిండిలా రాలాయి. కొత్తవి చేసిపెట్టమని కొడుకును అడిగింది. యాదగిరి నైలాన్ కడ్డీని లేతు మీద పట్టించి నాలుగు చక్రాలు కోసి, కొత్త బేరింగులు ఎక్కించి ఇచ్చాడు.

"గ్యాసు బండ జరుపుకునెతందుకు అనుకున్న" అని అతను తర్వాత అందరికీ చెప్పుకుని నవ్వాడు.

మొదటి రోజుల్లో ముత్యమ్మ ఒళ్లంతా దెబ్బలే. మోచేతికి పసుపు, మోకాలికి గుడ్డ. గోచి పోసి, కొడుకు పాత సేఫ్టీ బూట్లలో గుడ్డలు కుక్కి తొడుక్కుని పోయేది. వీధిలో అందరూ ఆగి చూసేవాళ్లు. కోడలు జీతం తెస్తుంటే నీ కాళ్లకు చక్రాలు మొలిసినయా అని రాజవ్వ అంటే, నీకూ ఒక జత చేపిస్త, నీ నడుము నొప్పి గూడ పోతది అని ముత్యమ్మ జవాబు. నవ్వులాటగానే సాగింది. నవ్వలేకపోయింది సుమిత్ర ఒక్కతే. వాలు పొడుగునా వేగం ఎట్లా పెరుగుతుందో ఆమె చదువుకుంది. నలభై దాటిన ఆడదాని మణికట్టు ఎంత బరువుకు ఆగుతుందో ఊహించుకోగలదు. పీటకు బ్రేకు లేదు. ఆపాలంటే కాలు కింద ఈడ్చాలి.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర సుమిత్ర మెల్లగా అడిగింది. "అత్తమ్మా, పండును రాజవ్వ తాన ఇడుస్తలేవా?"

ముత్యమ్మ దాచలేదు. "ఇడిశిన. రెండు దినాలకే ఆమెకు నడుము పట్టుకున్నది. ఇగ నాతోనే తోల్కపోతున్న."

"పీట మీద ఎక్కించినవా?"

"ఎక్కియ్యలె బిడ్డా. సూస్తడు, గంతే."

"నువ్వు మీదికెల్లి వస్తున్నప్పుడు వాడు ఏడుంటడు?"

"రోలరుకు కట్టేస్త."

సుమిత్రకు మొదట అర్థం కాలేదు. రోడ్డు పక్కన ఆపేసిన రోలరు ఒకటి ఉందట. పాత చీర ఒక కొస పిల్లవాడి నడుముకు, ఇంకో కొస రోలరు కడ్డీకి. నీడ ఉంటుందట, ఆడుకోవడానికి ఇసుక ఉంటుందట. కలుపుకు పోయే ఆడవాళ్లు పిల్లల్ని అట్లాగే గట్టు మీది తుమ్మచెట్టుకు కట్టేసి వంగేవాళ్లట. ముత్యమ్మ ఇదంతా అన్నం కలుపుతూ, కూర రుచి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నన్ను గూడ గట్లనే కట్టిన్రు. బతికే ఉన్న గద" అన్నాడు యాదగిరి.

సుమిత్ర పండు మూతి తుడిచింది. అత్తకు ఎదురు చెప్పే అలవాటు లేదు, చెప్పి ఆమె అలిగితే పిల్లవాణ్ని ఎవరి మీద వదలాలో తెలియదు. పడుకున్నాక మాత్రం ఆమె కళ్ల ముందు చీర ముడి నడుము దాటి మెడ దాకా పాకింది. పిల్లవాడు రోలరు చుట్టూ తిరిగి తిరిగి తనను తానే చుట్టుకున్నాడు. ఇసుకలోంచి తేలు వచ్చింది. బండ్లను వదలని రోడ్డు మీదికి ఎవరో టిప్పరు వదిలారు. ఒకటి తోసేస్తే ఇంకొకటి వచ్చేది.

మర్నాడు కంపెనీ బస్సెక్కి, ఊరు దాటకముందే కడుపులో బాగాలేదని చెప్పి దిగిపోయింది. రింగు రోడ్డు వైపు మొదట నడిచింది, తర్వాత దాదాపు పరుగు పెట్టింది. కంకర కుప్పల పక్కనుంచి వాలు కనబడింది. వాలు దిగువన పసుపుపచ్చ రోలరు. దాని నీడలో పండు. నడుముకు అత్త వంకాయరంగు చీర. మూతికి ఇసుక అంటుకుని ఉంది. వాడు తల్లిని చూసి చేతులు చాచాడు, చీర బిగిసి వెనక్కి లాగింది.

దూడను కట్టేసినట్టు కట్టేశారు. పైన అత్త కనబడుతుందేమోనని కూడా చూడలేదు. సుమిత్ర మోకాళ్ల మీద కూర్చుని ముడి విప్పడం మొదలుపెట్టింది. పొలం ముడి, లాగేకొద్దీ బిగుస్తుంది. గోరు విరిగింది. పళ్లతో లాగింది. ముడి వదులైంది. వాణ్ని ఎత్తుకోవడానికి చేతిలోని టిఫిను డబ్బా కింద పెట్టింది.

అప్పుడు పై నుంచి చప్పుడు వచ్చింది. నైలాన్ చక్రాలు తారు మీద చేసే గరగర. పండుకు ఆ చప్పుడు తెలుసు. "నానమ్మ" అని రోడ్డు మీదికి ఉరికాడు.

సుమిత్ర చెయ్యి వాడి చొక్కా అంచును తాకింది, పట్టుకోలేకపోయింది. వాడు రోడ్డు మధ్యకు వెళ్లి చప్పట్లు కొడుతూ నిలబడ్డాడు. వాలు మధ్యలో ముత్యమ్మ మోకాళ్లు వంచి, చేతులు చాచి, అచ్చం వాడు పీట మీద నిలబడినట్టే నిలబడి వస్తోంది. ఆమె ముఖం మీద నవ్వుంది. ఆ నవ్వు పోవడం సుమిత్ర చూసింది. లేవబోతే, విప్పిన చీర కాళ్లకు చుట్టుకుంది.

ముత్యమ్మ కాలు ఈడ్చలేదు. ఈడ్చినా ఆగదని తెలుసేమో. ఒళ్లంతా ఒక పక్కకు విసిరేసుకుని కంకర కుప్ప మీద పడింది. పీట ఆమె కింది నుంచి తప్పించుకుని, పండుకు బారెడు దూరం నుంచి పోయి, కాలువ అంచుకు కొట్టుకుని తిరగబడింది. చక్రాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పండు కాసేపు వాటినే చూసి, తర్వాత ఏడుపు అందుకున్నాడు.

కంకరలోంచి ముత్యమ్మ తల ఎత్తి అడిగింది. "పోరడు మంచిగున్నడా?"

కుడి మణికట్టు విరిగింది. పట్టీ వేసిన డాక్టరు ఎట్లా పడ్డావని అడిగితే బాత్రూంలో జారిన అని చెప్పింది. ఇంటికి వచ్చాక యాదగిరి తల్లి మీద ఎన్నడూ లేనంత గట్టిగా అరిచాడు. నీ షోకుకు నా కొడుకు పోతుండె, ఆ పీటను రంపంతో కోసి పొయ్యిల పెడ్త అన్నాడు. ముత్యమ్మ తల వంచుకుని వింది, ముడి ఎవరు విప్పారో చెప్పలేదు. చెప్పకపోవడం సుమిత్ర భరించలేకపోయింది.

"వాణ్ని నేనే విప్పిన" అంది. "ఇప్పి, ఇడిశిపెట్టిన."

యాదగిరి ఇద్దరి వంకా చూసి బయటికి వెళ్లిపోయాడు. పీటను కొయ్యలేదు.

ల్యాబులో సెలవు దొరికింది గానీ జీతం లేని సెలవు. పట్టీ విప్పేదాకా సుమిత్ర ఇంట్లోనే ఉంది. పని పోలేదు. తిరిగి చేరే రోజు దగ్గరపడుతుంటే తేలికపడవలసిన మనసు తేలికపడలేదు. ఇల్లు మారిపోయింది. ఇంట్లో భయం లేని మనిషి ముత్యమ్మ ఒక్కతే, ఇప్పుడు ఆమెకు భయం పట్టుకుంది. పండును చంకలోంచి దించదు. గడప దాటితే వెనకే పోతుంది, వాడు ఉరికితే కళ్లు మూసుకుంటుంది. నీళ్ల ట్యాంకరు వచ్చినా పిల్లవాణ్ని ఎత్తుకునే నిలబడి, బిందెలు రాజవ్వను పట్టమంటుంది. మగత నిద్రలో చెయ్యి చాచి వాడి చొక్కా వెతుక్కుంటుంది. సుమిత్ర ఇన్నాళ్లూ కోరుకున్న జాగ్రత్త అదే. కళ్లెదుట చూస్తుంటే ఊపిరాడలేదు. ఎత్తుకుని ఎత్తుకుని పండు మారాం నేర్చాడు. కింద పెడితే నేల కాలినట్టు ఏడుస్తున్నాడు. ఒక మధ్యాహ్నం చంకలో వాడు గింజుకుంటే, ఇంకా పూర్తిగా అతకని ఆ చెయ్యి వణికి, వాడు జారబోయాడు. సుమిత్ర అందుకుంది. అత్తాకోడళ్లు ఇద్దరూ గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు.

ఇట్లాగే వదిలి వెళ్తే ఆ చెయ్యి మళ్లీ ఎప్పుడు జారుతుందో. మునుపటి అత్త కావాలి. ఆ అత్త అంటే కూడా భయమే, కానీ ఆమెకు పిల్లవాణ్ని అప్పజెప్పి వెళ్లొచ్చు.

ఆదివారం పొద్దున సుమిత్ర తలుపు వెనక నుంచి పీట తీసి, చక్రాల మట్టి తుడిచింది. "పోదామా అత్తమ్మా" అంది.

ముత్యమ్మ దాని వంక చూడలేదు. "వద్దు బిడ్డా. కండ్ల ముంగట వాడే వచ్చి నిలబడుతుండు."

"నాకు గూడ నిలబడుతుండు" అంది సుమిత్ర. "వాణ్ని నేను పట్టుకుంట. నువ్వు సగం కాడికెల్లే రా."

సగం కూడా ఎక్కలేదు. వాలు మొదట్లోనే, మనిషెత్తు నుంచి, ముత్యమ్మ పీట మీద ఒక పాదం పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. వెంట వచ్చిన యాదగిరి పక్కన నడుస్తానంటే వద్దంది. సుమిత్ర పండును రెండు చేతులా బిగించింది, వాడు నొప్పని గింజుకున్నా వదల్లేదు. ముత్యమ్మ కదిలింది. నాలుగు బారలు వచ్చి, బూటు ఈడ్చి ఆపి, కింద కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"జెరంత వచ్చిన" అంది, తనలో తాను.

తర్వాతి ఆదివారం ఇంకొంచెం పై నుంచి వచ్చింది. ఈసారి పడింది కూడా, మోచెయ్యి గీసుకుంది. సుమిత్ర ఆ రోజు అన్నం తినలేదు. అయినా ఆ సాయంత్రం ముత్యమ్మ పండును గడప అవతల దించి, తాను లోపల కూరగాయలు తరగడం చూసింది.

పనిలో చేరే రోజు కంపెనీ బస్సు హారను కొట్టింది. సుమిత్ర కిటికీ పక్కన కూర్చుంది. వాకిట్లో ముత్యమ్మ నిలబడి ఉంది, చంక ఖాళీగా ఉంది. పండు మోరీ కాలువ పక్కన వంగి ఏదో ఏరుతున్నాడు. ముత్యమ్మ వాడికేదో చెప్పింది, తాను కదల్లేదు. వాడు వినిపించుకోలేదు. లేచి కేకేద్దామని సుమిత్ర ముందు సీటు కడ్డీ పట్టుకుంది. బస్సు చౌరస్తా దగ్గర మలుపు తిరిగింది, గోడ అడ్డం వచ్చింది. కడ్డీ వదలకుండా అలాగే కూర్చుంది.