నీళ్ళ జార్జి మదర్‌బోర్డు

భిలాయి రుఆబాంధా కాలనీలో ఎవరింటి కూలర్‌లో నీళ్ళు ఎక్కకపోయినా ముందు జార్జికే కబురు వెళ్తుంది. ఉక్కు ప్లాంటులో ముప్ఫై నాలుగేళ్ళు ఆయన పని ఒక్కటే: ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసు గోడల్లో తిరిగే చన్నీళ్ళను కాపలా కాయడం. ఆ నీళ్ళు ఆగితే గోడ నిలవదు. కొలిమి చుట్టూ ఉన్న గొట్టాల్లో ఒక్కొక్కదాని మీదా అరచెయ్యి వేసి, తిరిగొచ్చే నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో చెప్పేవాడు. మీటరు ఆ తర్వాతే చూసేవాడు. అందుకే అందరూ నీళ్ళ జార్జి అన్నారు, ఆయనా ఆ పేరుకు మురిసిపోయాడు. మురిసిపోయి ఊరుకున్నా బాగుండేది. లోకంలో వేడెక్కే ప్రతి వస్తువుకూ నీళ్ళే మందని తీర్మానించుకుని రిటైరయ్యాడు.

ఆయన కూతురు మెర్లిన్ సివిక్ సెంటర్ దగ్గర ఒకరి కంప్యూటర్ షాపులో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. సొంతంగా పని పెట్టుకోవాలని ఆమె ఆశ. ఆ ఆశకు దారి చూపించింది లక్ష్మీప్రసాద్. హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల వాడలో ఇనుప పోత సామాను తయారుచేసే యూనిట్ ఆయనది. అచ్చులో కరిగిన లోహం ఎలా పారుతుందో కంప్యూటర్ మీద ముందే లెక్క కట్టిస్తాడు. ఒక్కో లెక్క తేలడానికి పూటంతా పడుతోంది.

“ప్రాసెసర్‌ని మామూలు కంటే ఎక్కువ స్పీడ్‌తో పరిగెత్తించే మిషన్ కట్టివ్వు. నా ముందు గంటసేపు ఆగకుండా నడవాలి. నడిస్తే మా కంప్యూటర్లన్నీ ఇక నీవే,” అన్నాడు. ఆ పని చేతికొస్తే మెర్లిన్ షాపు ఉద్యోగం వదిలెయ్యొచ్చు. రాకపోతే మళ్ళీ ఆ కౌంటరు వెనకే.

ప్రాసెసర్ దగ్గర తండ్రీకూతుళ్ళకు పేచీ రాలేదు. పేచీ అంతా దాన్ని కూర్చోబెట్టే మదర్‌బోర్డు దగ్గరా, చల్లబరిచే సామాను దగ్గరా వచ్చింది. లక్ష్మీప్రసాద్ పెట్టిన ఖర్చు హద్దులో రెండూ ఘనమైనవి రావు. ఒకటి మంచిది కొంటే రెండోది సాదాది కావాలి.

“ఇదిగో డాడీ, ఈ బోర్డు తీసుకుందాం. ప్రాసెసర్‌కి కరెంటు పంపే చిప్‌లు దీంట్లో జ్యాదా, వాటి మీద ఇంత లావు అల్యూమినియం దిమ్మలున్నాయి. స్పీడ్ పెంచితే బోఝ్, లోడంతా వాటి మీదే పడుద్ది. కూలర్ ఫ్యాన్‌ది చాలు.”

“ఫ్యానేటి? మే నెల్లో భిలాయి గాలి ఏటి సల్లబరుస్తాదే? నీళ్ళ కూలర్ ఎట్టు. బోర్డుదేటుంది, అన్నీ తగిలించుకునే పలక. సవకది సాలు.”

“పలక కాదు డాడీ...”

“నానెన్నేళ్ళు నీళ్ళు కాసేనో ఎరుగుదువా?”

ఆ మాట వచ్చాక ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తరు. భార్య డోర్కాస్ సైతం వంటింట్లో గరిటె చప్పుడు ఆపేస్తుంది. మెర్లిన్ ఎత్తిన నోరు మూసుకుంది. నీళ్ళ కూలర్ వచ్చింది, బోర్డు చవకదైపోయింది.

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి పరీక్ష. యూనిట్ ఆఫీసు గదికి రేకుల కప్పు. బయట లూ, మే నెల వడగాలి, కొడుతోంది. లక్ష్మీప్రసాద్ ఫోనులో గంటకు టైమర్ పెట్టి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. మెర్లిన్ తెర మీద రెండు అంకెలు చూస్తోంది, ఒకటి ప్రాసెసర్ వేడి, ఒకటి దాని వేగం. జార్జి చూస్తున్నది మాత్రం ఒక్క వేడినే.

పావుగంటకు డెబ్బై ఒకటి. నలభై నిమిషాలు కావస్తున్నా డెబ్బై ఒకటే. కూలర్ గొట్టాలు పట్టుకుని చూశాడు. గోరువెచ్చగా, ఆయన కోరుకున్నట్టే ఉన్నాయి. అంతలో వేడి తగ్గడం మొదలైంది. అరవై రెండు. యాభై ఎనిమిది.

“సూసేవా!” జార్జి కుర్చీలోంచి లేచాడు. “దిగిపోతంది! నీళ్ళంటే ఏటనుకున్నావు?”

మెర్లిన్ రెండో అంకె మీద వేలు పెట్టింది. ఆమె ముఖం పాలిపోయింది. భయం వేస్తే ఆ పిల్లకు తెలుగు రాదు, హిందీయే వస్తుంది.

“స్పీడ్ గిర్ రహా హై, డాడీ.”

“ఏటి?”

“ప్రాసెసర్ పరిగెత్తట్లేదు. అందుకే చల్లబడింది. స్పీడ్ ఐదు గిగాహెర్ట్జ్ మీద ఉండాల్సింది ఒకటి కిందికి పడిపోయింది. చూడు, లేస్తోంది... మళ్ళీ పడింది.”

 జార్జి గొట్టాలు వదిలి బోర్డు వైపు చెయ్యి పోనిచ్చాడు. ప్రాసెసర్ పక్కన వరసగా ఉన్న, కరెంటు పంపే నల్లటి చిప్‌లను ఇంకా తాకనేలేదు, చురుక్కుమని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వాటి మీద దిమ్మల్లేవు. ఫ్యాన్ కూలరైతే దాని గాలి వాటికీ తగిలేది. నీళ్ళు ప్రాసెసర్ వేడిని మాత్రం మోసుకుపోయి పక్కవాటిని మాడ్చేశాయి. అవి తాళడం లేదని బోర్డే ప్రాసెసర్ కాళ్ళు కట్టేస్తోంది. కూతురు వారం రోజుల కిందట చెప్పింది అక్షరాలా ఇదే. ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

అప్పుడే లక్ష్మీప్రసాద్ లోపలికి వచ్చాడు. తెర మీద పచ్చగా పెద్దగా యాభై ఎనిమిది కనిపిస్తోంది. మూలనున్న రెండో అంకె సంగతి ఆయనకు తెలియదు. తృప్తిగా తలూపి, మెర్లిన్‌ని కాకుండా జార్జినే అడిగాడు.

“ఏం అంకుల్, సబ్ నార్మల్?”

ప్లాంటులో షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి అప్పజెప్పేది ఆ మాటే. ‘నార్మల్’ అంటే చాలు, వచ్చినవాడు ఇంకేమీ అడగకుండా కొలిమి కిందకు వెళ్ళి నిలబడతాడు. గొట్టాలన్నీ తాకకుండా జార్జి ఆ మాట ఏనాడూ అనలేదు. ఇప్పుడది నాలుక చివర దాకా వచ్చి కూర్చుంది. అనేస్తే మిగిలిన పదిహేడు నిమిషాలూ గడిచిపోతాయి. పిల్లకు పని దొరుకుతుంది, తన పేరూ నిలుస్తుంది. మెర్లిన్ నేల చూపులు చూస్తోంది. అనమనీ లేదు, వద్దనీ లేదు. ఆమె అడగకపోవడమే ఆయనకు మరీ కష్టమైంది.

“నార్మల్ కాదు బాబూ,” అన్నాడు.  “ఏడి తక్కువే గానీ స్పీడు పడిపోతంది. బోర్డు మాడిపోతంది. ఇలగొగ్గేస్తే నెల్లాళ్ళు కూడా ఉండదు.”

లక్ష్మీప్రసాద్ నవ్వు ఆగిపోయింది. “ఈ బోర్డు ఎవరు సెలెక్ట్ చేశారు?”

“నేనే భయ్యా,” అంది మెర్లిన్.

“అబద్ధం,” అన్నాడు జార్జి. “పిల్ల మంచిదే సెప్పింది. నానే ఇన్నేదు. నీళ్ళుంటే సాలన్నాను. తప్పు నాది.”

లక్ష్మీప్రసాద్ ఫోనులో టైమర్ ఆపేశాడు. తండ్రినీ కూతురినీ మార్చి మార్చి చూశాడు. 

“రేపు ఇదే టైముకి రా, మెర్లిన్,” అన్నాడు చివరికి. “ఇంకొక్క మౌకా, అంతే. నువ్వే ఎంచు, నువ్వే జవాబు చెప్పు. అంకుల్ రానక్కర్లేదు.”

చెంపదెబ్బ తిన్నట్టయింది జార్జికి. ఇద్దరూ స్కూటర్ మీద ఇంటికి వచ్చారు. సాయంత్రం మెర్లిన్ ఒక్కతే డబ్బాలు సర్దుకుని షాపుకు వెళ్ళి సామాను మార్చుకొచ్చింది. ఏం తెచ్చిందో ఆయన అడగలేదు. అడగడానికి ముఖం చెల్లలేదు.

మర్నాడు రెండింటి నుంచి జార్జి కాలుగాలిన పిల్లిలా గదిలో తిరిగాడు. మూడైంది. ఫోను రాలేదు. మూడుంబావయింది.

“పోయినట్టుందే,” అన్నాడు డోర్కాస్‌తో. “పిల్ల నోటికాడ కూడు తీసీసేను.”

“నోర్ముయ్యండి. ముందు కూకోండి,” అందామె.

మూడూ ఇరవైకి ఫోను మోగింది.

“హో గయా డాడీ!” మెర్లిన్ దాదాపు అరిచింది. “గంట దాటాక కూడా నడిపించాం. ఒక్కసారీ స్పీడ్ పడలేదు. పని నాకే ఇచ్చారు.”

జార్జి కళ్ళు చెమర్చాయి. “నీళ్ళు బాగా తిరిగేయా?” అన్నాడు, అలవాటు చొప్పున.



“నీళ్ళు తీసేశాను డాడీ. మంచి బోర్డు తెచ్చి ఫ్యాన్‌దే పెట్టాను.”

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. మే నెల్లో ఫ్యానేటే అనబోయి ఆపుకున్నాడు. సంతోషం ఎంత ఉందో నొప్పీ అంతే ఉంది, రెంటినీ ఓర్చుకోవడానికి ఆయనకు కొంత సమయం పట్టింది.

“మంచి పని సేసేవమ్మా,” అన్నాడు.

 నీళ్ళు లేని పనిని తండ్రి మెచ్చుకోవడం మెర్లిన్ పుట్టి బుద్ధెరిగాక వినలేదు.