కొత్తపేట వంటావార్పులో అంజమ్మ మాట

కార్మికుల హక్కుల కోసం దేశం మొత్తానికీ కొత్త ప్రణాళిక రాస్తున్నారని, కూలీల మాట వినడానికి ఢిల్లీ నుంచి ఎల్బీనగర్‌కు అధికారులు వస్తున్నారని తెలిసి బయల్దేరాను. నిజానికి నన్ను లాక్కెళ్లింది సైదాబాద్‌లో మా పక్కింటి అంజమ్మ. నల్గొండ పల్లె నుంచి వచ్చి బిల్డింగు పనులు చేసుకునే మనిషి. దిల్‌సుఖ్‌నగర్ అడ్డా మీద పని కోసం నిలబడే ఆడవాళ్లంతా తమ తరఫున మాట్లాడమని ఆమెను పంపారు. చెప్పాల్సింది ఒక్కటే: పని దగ్గర ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండాలి.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. బస్సులు లేవు. పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో షేర్ ఆటో ఎక్కాం, మనిషికి పది రూపాయలు. కొత్తపేటలో డ్రైవర్ బండి ఆపేశాడు.

"ముందట వంటావార్పు నడుస్తుంది అక్కా. ఇగ బండి పోదు, ఈడనే దిగున్రి."

రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అందరికీ వడ్డించే నిరసన అది. కనుచూపు మేర జనమే. నాకు ఒళ్లు మండింది. ఉద్యమం నాదే, కోపమూ నాదే, ఏం చేయను?

"మన తెలంగాణ కోసమే గదా బిడ్డా, జర ఓపిక పట్టు" అంటూ అంజమ్మ నన్ను పంక్తిలో కూర్చోబెట్టింది.

పక్కన కాటన్ చీరలో ఒకావిడ. ఆవిడ కారూ ఇరుక్కుపోయిందట. పప్పన్నం ఆవురావురుమని తింటోంది. అంజమ్మ తింటోంది గానీ గ్లాసు ముట్టలేదు.

"ఇంత ఎండలో నీళ్లు తాగరేంటమ్మా?" అందావిడ.

"అలవాటు తప్పింది మేడం. పనికి పోతే పొద్దుగూకేదాంక తాగం. తాగితే యాడికి పోవాలె? గదే చెప్దామని ఎల్బీనగర్ మీటింగుకు పోతుంటే గీడ ఇరుక్కున్న. అడ్డా మీద ఆడోళ్లకు ఏం జవాబియ్యాలె?" అంజమ్మ గ్లాసు పక్కకు జరిపింది.

"ఆ మీటింగులో వినాల్సినదాన్ని నేనేనమ్మా. చెప్పండి" అందావిడ మెల్లగా.

చుట్టూ ఉన్న కూలి ఆడవాళ్లూ మాట కలిపారు. మైకు లేకుండా, కుర్చీలు లేకుండా మీటింగు అక్కడే మొదలైంది. గేటు దగ్గర నిలబడి వింటున్న ఓ ఇంటావిడ గోదావరి యాసలో అంది, "మా బాత్రూం వాడుకోండమ్మా. ముందు కడుపునిండా నీళ్లు తాగండి."

అంజమ్మ గ్లాసెత్తి గటగటా తాగింది. మళ్లీ పోయించుకుంది. నాకు కళ్లు చెమర్చాయి.

మేం ఎల్బీనగర్ చేరనే లేదు, నడుచుకుంటూ వెనక్కి వచ్చాం. ప్రణాళిక ఎప్పటికి అమలవుతుందో తెలియదు. "ఈ మాట లేకుండా నేను సంతకం పెట్టను" అంది ఆ అధికారిణి. నేను నమ్మాను. అటు వెళ్లేవాళ్లు నీళ్ల సీసా తీసుకెళ్లండి. దారిలో ఎక్కడైనా బిల్డింగు కడుతుంటే ఆగి, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఎక్కడుందని మేస్త్రీని అడగండి. అందరికీ వినబడేలా అడగమని అంజమ్మ మరీ మరీ చెప్పింది.