కోడిరక్తం పడిన ఉత్తరం

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి పులికన్నా పోలీసు జీపంటేనే ఎక్కువ భయం. (అరకు వైపు పుట్టినవాళ్లకు ఇది వివరించి చెప్పక్కర్లేదు.) అప్పట్లో మా మావయ్య ఎమ్మెల్యే. నేను ఆయన ఆఫీసులో ఉత్తరాలు టైపు చేసేదాన్ని. రాజధానిలో ఉండే పార్టీ నాయకుణ్ణి మేమంతా పెద్దాయన అనేవాళ్లం. ఆయన ఒకసారి మావయ్యకు ఉత్తరం రాశారు: నేవీవాళ్లు సిగ్నల్ టవరు కోసం మీ ఊరి దేవుడికొండ అడుగుతున్నారు, మీ అభిప్రాయం చెప్పండి అని. ఆ కొండమీది అడవికి మావాళ్లు తరతరాలుగా గొడ్డలి తగలనివ్వలేదు. ఊరికి నీళ్లిచ్చే ఊట కూడా అక్కడే పుడుతుంది. దేశానికి టవరు కావాల్సిందే గానీ పక్కనున్న బోడికొండ మీద కట్టుకోండని మావయ్య చెబితే, నేను మర్యాదలన్నీ చేర్చి టైపు చేశాను.

కొండ గురించి ఏ మాటిచ్చినా ముందు దేవుడికి చూపించాలన్నది మా ఆచారం. మా పూజారి దిసారి తాత కాగితం ముందు పెట్టుకుని, కోడిని కోసి, మావయ్య సంతకం పక్కన రక్తపు బొట్లు పెట్టాడు. మాకది ముద్ర వేసినట్టే. నేను నిశ్చింతగా కవరు అంటించి పంపేశాను.

వారం తిరగకుండానే జీపు వచ్చింది. నెత్తుటి మరకలతో బెదిరింపు ఉత్తరం వచ్చిందని పెద్దాయన ఆఫీసంతా హడలిపోయిందట. ఎస్సై ఉత్తరాన్ని బల్లమీద పెట్టి, ఇది ఎవరి రక్తం అని అడిగాడు.

"కోడిపుంజుది బాబూ," అన్నాడు దిసారి తాత. "ఎర్రపుంజు. మంచిది."

ఎస్సై నవ్వలేదు. ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నామని రాసిస్తే గొడవ ఉండదన్నాడు. మావయ్య నావైపు చూశారు. వెనక్కి తీసుకుంటే కొండ పోతుంది, తీసుకోకపోతే నేను జైలుకు పోతానేమోనని నా భయం. కంప్యూటరు ముందు కూర్చుంటే వేళ్లు ఒక అక్షరానికి బదులు ఇంకో అక్షరం మీద పడుతున్నాయి.

"ఏటి సేత్తన్నావే గుంటా?" అన్నాడు తాత. "ఉన్నదే రాయి. బేగి రాసీ."

ఉన్నదే రాశాను. అది కోడిరక్తమని, అది లేకుండా మేము కొండ గురించి మాటివ్వమని, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేమని. మావయ్య చదివి సంతకం పెట్టారు. ఎస్సై దాన్ని పట్టుకుపోయాడు. ఇక జవాబు వచ్చేదాకా వీధిలో ఏ బండి చప్పుడైనా వంటింట్లోకి పరిగెత్తేదాన్ని. (నాకు ఆకలెక్కువైందనుకుంది అత్తయ్య.)

చివరికి పెద్దాయన జవాబు వచ్చింది. నేవీవాళ్లు బోడికొండకు ఒప్పుకున్నారు. అడుగున ఆయన చేతిరాతతో ఒక్క మాట: "ఇకముందు పసుపుబొట్టు చాలు."

ఇప్పుడు నేనే ఒక ఆఫీసు నడుపుతున్నాను. ఎవరినీ నొప్పించకుండా, ఏదీ తేల్చకుండా ఉత్తరాలు రాయడంలో నాకు మంచి పేరుంది. తాత గుంటా అని పిలిచిన అప్పటి ఆ పిల్ల తలపుకు వస్తే నవ్వొస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది. గడగడ వణుకుతూ తను రాసిన ఆ నాలుగు ముక్కలంత ధైర్యంగా నేను మళ్లీ ఏదీ రాయలేదు.