అమ్మ దగ్గర నా డ్యూటీ

నా చిన్నప్పుడు బడి ఉన్న రోజుల్లో పొద్దున్నే నాకు కడుపునొప్పి వచ్చేది. సెలవు రోజుల్లో రాదు కాబట్టి అందరూ దాన్ని దొంగ నొప్పి అన్నారు. ఇన్నేళ్ళయినా ఆ మాట మర్చిపోలేదు. ఎవరెవరు అన్నారో కూడా మర్చిపోలేదు.

అప్పట్లో మేము నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో కిరాయికి ఉండేవాళ్ళం. మా నాయన స్టేషన్‌లోనే పార్సిల్ ఆఫీసులో పనిచేసేవాడు. ఆ ఏడు అమ్మ మారిపోయింది. జ్వరం లేదు, దెబ్బ లేదు. గోడవైపు తిరిగి పడుకునేది, స్టవ్ మీద పాలు పొంగి పోతున్నా లేచేది కాదు. లేచిన రోజున ఊరికే భయపడేది. నాయన రావడం కాస్త ఆలస్యమైతే గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకునేది. ఒకరోజు నాకు జడ వేస్తూ, "నేను లేకున్నా మీకు నడుస్తదిలే" అంది. నా కడుపునొప్పి మొదలైంది ఆ తర్వాతే.

పనిదొంగ తల్లికి బడిదొంగ పిల్ల అని మా నాయనమ్మ గల్లీ అంతా వినేలా అనేది. అబిడ్స్‌లో మా బడి. అక్కడ టీచరమ్మ నన్ను ఆలస్యమైనందుకు క్లాసు బయట నిలబెట్టేది. నాయన నేను జడుసుకున్నానని తాయెత్తు కట్టించాడు. దేన్ని చూసి జడుసుకున్నానో ఆయనా అడగలేదు.

ఒక పొద్దున మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, కాచిగూడ నుంచి వచ్చింది. నేను కడుపు పట్టుకుని గడప మీద కూర్చున్నాను. నొప్పి నిజమేనా అని ఆమె అడగలేదు. పక్కన కూర్చుని, "మీ నాయన డ్యూటీ దిగేటప్పుడు ఏం చేస్తడే?" అంది.

"ఇంకో సారుకు చార్జ్ ఇస్తడు."

"ఇయ్యకుండ ఇంటికొస్తే?"

"నౌకరీ పోతది."

"మరి నువ్వు ఎవ్వలికియ్యకుండ బడికెట్ల పోతవ్? నాకియ్యి చార్జ్."

ఇచ్చాను. చాయ్ వేడిగా ఇస్తే అమ్మ తాగడం మర్చిపోతుంది, కాస్త చల్లారాక గ్లాసు చేతిలో పెట్టాలి. గోడవైపు తిరిగితే పిలవద్దు, కాళ్ళ దగ్గర కూర్చోవాలి. స్నానాలగదిలోకి పోతే లోపల గడియ పెట్టనివ్వద్దు. చిన్నమ్మ నవ్వుమొహంతోనే వింటూ వచ్చింది. గడియ మాట దగ్గర ఆమె మొహం మారిపోయింది. మంచం మీద అమ్మ ఇటు తిరిగింది. అంతసేపూ ఆమె వింటోందని నాకు అప్పుడు తెలిసింది.

"తీసుకున్న," అంది చిన్నమ్మ. "నువ్వు దిగినవ్. ఇగ పో."

ఆ రోజు బడిలో నాకు నొప్పి రాలేదు. సాయంత్రం పరుగెత్తుకుంటూ వచ్చేసరికి అమ్మ తల దువ్వుకుని కూర్చుని ఉంది. తర్వాత చిన్నమ్మ మా నాయనతో గట్టిగా కొట్లాడి అమ్మను దవాఖానకు తీసుకుపోయింది. పిచ్చి దవాఖానకు పోయిందని నాయనమ్మ ఊరంతా చాటింది. మందులతో అమ్మ మెల్లగా తేరుకుంది, పూర్తిగా కాదు. ఆమె లేచిన కొద్దీ నా నొప్పి తగ్గింది. దొంగ నొప్పి అన్నవాళ్ళలో ఒక్కరూ మాట వెనక్కి తీసుకోలేదు. తాయెత్తు మంచిగ పనిచేసింది అన్నారు.

అందుకే ఇప్పటికీ ఎవరైనా తమ పిల్ల మొండికేస్తోందనో, పక్క తడుపుతోందనో చెబితే నేను ముందు తల్లి ఎట్లా ఉందని అడుగుతాను. మొన్న చుట్టాలింట్లో ఒక పిల్ల గురించి అట్లాగే అడిగితే, ఈమెకు యాడికి పోయినా పంచాయితీ కావాలె అన్నారొకరు. ఆ మాట అన్న మనిషిని గుర్తుపెట్టుకున్నాను. పిల్ల తల్లి మాత్రం వంటింట్లోంచి వచ్చి నా పక్కన కూర్చుంది. మావాళ్ళు ఆటో తెచ్చి బయటి నుంచి పిలుస్తూనే ఉన్నారు. ఆమె లేచేదాకా నేను లేవలేదు.