తొందరగా మాయమైన రాడికల్స్

యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. లవంగాల్లో ఉండే యూజినాల్ లాంటి ఫినాలిక్ యాంటీ ఆక్సిడెంట్ల మీద నా పని. నూనె పాడుకాకుండా అవి అడ్డుపడతాయి. అడ్డుపడి తామే రాడికల్స్‌గా, అంటే ఒక ఎలక్ట్రాన్ జత తప్పిన అణువులుగా మారి, రెప్పపాటులోపే మాయమవుతాయి. ఎంత వేగంగా పోతాయో లేజర్‌తో కొలవాలి.

మామూలుగా ఈ రాడికల్స్ రెండేసి ఎదురుపడి కలిసిపోతాయి. అవి పలచబడేకొద్దీ వేగం తగ్గాలి. నా గ్రాఫులో అట్లా తగ్గలేదు. గైడ్ సార్ కళ్లజోడు పైకి నెట్టి చూశారు.

"ఇవి ఒకదాన్నొకటి కలుస్తలేవమ్మా. నీ ద్రావణంల ఇంకేదో ఉన్నది. అదే వీటిని తినేస్తున్నది."

ఇంకేదో అనగానే పక్క బల్ల మీద పనిచేసే సీనియర్ అక్క గుర్తొచ్చింది. ఆమెది విటమిన్ సి మీద పని. అది చిటికెడు పడితే చాలు, నా రాడికల్స్ ఖతం. పైగా ఇద్దరికీ ఒకటే లేజర్. నా పని ఆగితే ఆమెకు టైం దొరుకుతుంది.

అప్పట్నుంచి ఆమె చేతులనే చూసేదాన్ని. అల్మారాకు తాళం వేశాను. ఒక పొద్దున కొత్తగా కలిపిన ద్రావణాన్ని సీసాతో సహా బ్యాగులో పెట్టుకుని తార్నాకలో టిఫిన్‌కు పోయాను. కాసేపటికి అక్క కూడా వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"బ్యాగు ఒళ్లోంచి దించుతలేవు. ఏమున్నదే అందుల?"

"ఏం లేదక్కా."

"సీసా ఉన్నది. నా మీద డౌటు కదా?"

బ్యాగు జిప్పు మీద చెయ్యి పెట్టాను. ఆమె నవ్వలేదు.

"నా సీసాలు నేను హబ్సిగూడ రూంకు ఎందుకు తీస్కపోతున్న అనుకున్నవ్? నా రీడింగులు గూడ ఖరాబైతున్నయ్. నువ్వే ఏదో కలుపుతున్నవనుకున్న."

ఒకరినొకరం వదలకుండా ల్యాబ్‌కు వచ్చాం. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి ద్రావణం కలిపాం. లేజర్ కొట్టే ముందు ఆక్సిజన్ పోవడానికి అందులోకి నైట్రోజన్ పంపేవాళ్లం. ఈసారి ముందు గ్యాస్ పంపకుండా చూశాం. వేగం సరిగ్గా తగ్గింది. గ్యాస్ పంపి చూశాం. మళ్లీ పాత తీరే.

ఇద్దరి కళ్లూ సిలిండర్‌కు తగిలించిన కొత్త రబ్బరు గొట్టం మీద పడ్డాయి. రబ్బరు పెళుసు కాకుండా దాంట్లోనూ యాంటీ ఆక్సిడెంట్ కలుపుతారు. అదే గ్యాస్‌తో బాటు మా ద్రావణాల్లోకి వస్తోంది.

సార్‌కు చెప్పాం. ఆయన గొట్టం ఊడదీసి వాసన చూసి, "నేనే మార్చిన" అన్నారు మెల్లగా.

టెఫ్లాన్ గొట్టం పెట్టాక ఇద్దరి గ్రాఫులూ కుదురుకున్నాయి. అయినా చాలా రోజులదాకా, అక్క ల్యాబ్‌లో లేనప్పుడు తీసిన రీడింగులనే నేను మనస్ఫూర్తిగా నమ్మేదాన్ని.