కందిపప్పు సంచిలో ట్యాంకుల ఆట

మా హాల్లో ఉన్న అద్దాల బీరువా తలుపు తీస్తే ముందుగా ఇంగువ వాసన వస్తుంది. పాత వీడియో గేములు పోగేసే పిచ్చి నాలాగే పట్టినవాళ్ళు అప్పుడప్పుడు చూడ్డానికి వచ్చి, వరసగా నిలబెట్టిన పసుపు, నలుపు, బూడిదరంగు క్యాసెట్ల మీదికి ఆశగా వంగి, ముక్కు ఎగబీల్చి నా వైపు చూస్తారు. వాళ్ళ దగ్గర ఉన్నది జపాను నుంచి తెప్పించుకున్న అసలు సరుకు, అట్టపెట్టె అంచు కూడా నలగనిది. నాదంతా చంద్రపూర్ బజారులో దొరికిన నకలు సరుకు. ఒకదాని మీద దసరా పూజలో అంటిన పసుపు మరక, ఇంకొకదాని మూలన ఎలుక కొరికిన గాటు. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. చిన్నప్పుడు నా చేతుల్లో పడని క్యాసెట్ ఎంత అరుదైనదైనా ఈ బీరువాలోకి రాదు. ఒక్కోదాని కింద ఒక చీటీ రాసి పెట్టాను, ఎవరు తెచ్చారు, ఎవరితో ఆడాను, దాని మూలంగా ఎన్ని తిట్లు తిన్నాను అని. రాసినవాటిలో తిట్ల గురించిన భాగమే పెద్దది.

ఇంగువ సంగతి చెప్పాలంటే మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో మా కిరాణా దుకాణం దగ్గరికి వెళ్ళాలి. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక గోనెపట్టా పరదా. ఆ పరదా ఎప్పుడూ ఎవరో ఒకరు పక్కకు తోస్తూనే ఉండేవాళ్ళు కాబట్టి మేం తిన్న అన్నంలో, కట్టుకున్న బట్టల్లో, బడికి మోసుకెళ్ళిన మరాఠీ వాచకంలో కూడా ఎండుమిర్చి ఘాటు, బెల్లం తీపి, కిరసనాయిలు కమురు కలిసిపోయి ఉండేవి. మే నెలలో రోడ్డు మీద తారు చెప్పుకు అంటుకునేంత ఎండ, ఆరేసిన తెల్లబట్టల మీద బొగ్గు నుసి, రోజూ సాయంత్రం కరెంటు కోత. దేశానికంతా కరెంటు పంపే ఊళ్ళో ఉంటూ మేం కొవ్వొత్తి వెలుతురులో ఎక్కాలు అప్పజెప్పేవాళ్ళం, అందులో ఎవరికీ వింత కనిపించేది కాదు. దీపావళి దగ్గరపడితే పక్కింటి మరాఠీవాళ్ళు చివడా, శంకర్‌పాళీ పళ్ళెంలో పెట్టి పైన గుడ్డ కప్పి పంపేవాళ్ళు, అమ్మ అదే పళ్ళెంలో అరిసెలు పెట్టి అదే గుడ్డ కప్పి తిప్పి పంపేది.

అప్పుడే దుకాణం ముఖం కూడా మారుతూ వచ్చింది. షాంపూ పొట్లాలు తోరణాల్లా వేలాడసాగాయి. సబ్బుపొడి కొంటే చెంచా, చాయ్‌పత్తి కొంటే గాజుగ్లాసు, పళ్ళపొడి కొంటే దువ్వెన. కొనేవాళ్ళు ధర అడగడం మానేసి ముందు డబ్బా చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేవాళ్ళు. లోపల ఏదైనా గలగలమంటే కొన్నట్టు, లేకపోతే లేదు. మా నాన్నను బాపు అనేవాళ్ళం, ఆయనకు ఇది మహా చిరాకు. ఆయన దృష్టిలో సరుకు మంచిదైతే చెంచాతో పని లేదు. అయినా అడిగినవాళ్ళకు చెంచాలు ఇచ్చేవాడు, ఇస్తూ ముఖం ముడుచుకునేవాడు.

ఆవర్‌పూర్ సిమెంటు కాలనీలో ఉండే మా మేనమామ ఒక దసరాకు టీవీకి తగిలించే వీడియో గేము తెచ్చి నా ఒళ్ళో పెట్టిన రోజు నుంచి బాపు చిరాకు దుకాణం దాటి ఇంట్లోకి కూడా వచ్చింది. అప్పుడు నేను ఐదో తరగతి. బడి నుంచి వచ్చి కరెంటు పోయేలోపు దొరికే గంటన్నరలో ఒక్క నిమిషం కూడా పుస్తకానికి ఇచ్చేదాన్ని కాదు. క్యాసెట్ మీద వందల ఆటలని రాసి ఉండేది, లోపల చూస్తే ఏడో ఎనిమిదో ఉండేవి, మిగతావన్నీ అవే ఆటలు వేరే పేర్లతో. అది కూడా మాకు నచ్చేది. తెర తెల్లగా వస్తే క్యాసెట్ పీకి దాని నోట్లోకి ఊదడం, మళ్ళీ పెట్టడం, మళ్ళీ ఊదడం. ఒకసారి చిటికెడు పసుపు పొరపాటున లోపల పడిందని అమ్మను రెండు రోజులు సాధించాను.

పరీక్షలు వస్తే బాపు క్యాసెట్లు దాచేవాడు. ఇంట్లో దాస్తే దొరుకుతాయని దుకాణంలో దాచేవాడు, ఇంగువ డబ్బాలో, చింతపండు బుట్టలో, శొంఠి సంచిలో. ఆయనకు తెలియనిది ఒకటుంది. మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చినప్పుడు నేను ఎక్కడలేని ప్రేమతో వెళ్ళి చేతులు పట్టుకునేదాన్ని, అరచేతులు ముఖానికి ఆనించుకునేదాన్ని. ఆయన మురిసిపోయేవాడు. నేను వాసన చూసుకునేదాన్ని. ఇంగువైతే ఇంగువ డబ్బా, శొంఠైతే శొంఠి సంచి. ఇలా ఒక ఏడాది పాటు నా కూతురికి నేనంటే ప్రాణం అని నలుగురికీ చెప్పుకున్నాడు. అసలు సంగతి తెలిసినరోజు నుంచి వాసన లేని సరుకులో దాచడం మొదలుపెట్టాడు.

ఆరో తరగతిలో దీపావళి ముందర నా దగ్గర ఉన్నది నా క్యాసెట్ కాదు. మంజిరి అని నా బెంచీలో కూర్చునే పిల్ల, బొగ్గుగనుల కాలనీలో ఉండేది, వాళ్ళన్న క్యాసెట్‌ను వాళ్ళన్నకు తెలియకుండా నాకిచ్చింది. ట్యాంకుల ఆట. ఇద్దరు కలిసి ఆడొచ్చు. వాళ్ళన్న నాగ్‌పూర్ హాస్టల్ నుంచి ఆదివారం మధ్యాహ్నం సెలవులకు వస్తాడు, ఆలోపు ఇచ్చెయ్యాలి, లేకపోతే తన వీపు విమానం మోత అని నా చేత సరస్వతీదేవి బొమ్మ మీద ఒట్టు వేయించుకుంది. నాకున్న స్నేహితురాలు ఆమె ఒక్కతే. బడిలో మిగతావాళ్ళు నా మరాఠీని వెక్కిరిస్తే ఆమె వాళ్ళను వెక్కిరించేది.

బుధవారం బాపు ఆ క్యాసెట్ దాచాడు. శుక్రవారం నేను అడిగాను. ఎవరిదో చెప్పి, ఏడుపు ముఖం పెట్టి అడిగాను. ఆయన లేచి వెళ్ళి కందిపప్పు సంచులు పేర్చిన మూలన నిలబడి, అలాగే నిలబడిపోయాడు.

జరిగింది ఇది. మూతి కుట్టని పదికిలోల గుడ్డసంచిలో ఆయన క్యాసెట్ దూర్చి, గల్లాపెట్టె దగ్గరికి ఎవరో పిలిస్తే వెళ్ళాడు. అమ్మ దబ్బనం, సుతిలి దారం తీసుకుని వచ్చి, కొంచెం తగ్గినట్టుందే అని పైన దోసెడు పప్పు పోసి, మూతి చక్కగా కుట్టేసింది. ఆ సంచి లక్కడ్‌కోట్ అనే పల్లె నుంచి వచ్చే మల్లయ్య కొని తీసుకుపోయాడు. వాళ్ళ చేనులో కంది ఇంకా పూత మీదే ఉంది, ఇంట్లో పాతది అయిపోయిందట.

"నువ్వు దాసుడేంది, నేను కుట్టుడేంది, గా పప్పు లక్కడ్‌కోట్ వోవుడేంది" అని అమ్మ నవ్వాపుకోలేక పరదా వెనక్కి వెళ్ళిపోయింది.

బాపు నవ్వలేదు. పండుగ ముందర శనివారం, బేరాలు ముమ్మరంగా ఉండే రోజు, దుకాణానికి తాళం వేసి నన్ను ఎర్రబస్సు ఎక్కించాడు. రాజురా దాకా కిటికీ పక్కన కూర్చున్నాను, రాజురా దాటాక బస్సులో మనుషులకన్నా పత్తి మూటలే ఎక్కువై ఆయన ఒళ్ళో కూర్చున్నాను. దారంతా ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఏం చెప్పాలో మనసులో అనుకుంటున్నాడని నాకు తెలుసు. సంచిలో పప్పు కాక ఇంకోటి వెళ్ళిందంటే దుకాణం మాట పోతుంది. నా బిడ్డ బొమ్మలను సరుకులో దాస్తానని చెబితే ఆయన మాటే పోతుంది.

మల్లయ్య ఇంటి వాకిట్లో మమ్మల్ని చూడగానే ఆయన భార్య రాజవ్వ పీట వేసింది. మేం నోరు తెరవకముందే చుట్టుపక్కలవాళ్ళు పోగయ్యారు. సంగతేమిటంటే, సంచి విప్పితే క్యాసెట్ వచ్చింది, వాళ్ళు దాన్ని పప్పుతో వచ్చిన ఫిరీ సామాను అనుకున్నారు. ఏం తప్పుంది, చెంచాలూ దువ్వెనలూ వచ్చే రోజుల్లో ఇదీ వచ్చింది. అదేమిటో తెలియకపోయినా రాజవ్వ దానికి పని కూడా కనిపెట్టింది. మల్లయ్య నులకమంచానికి ఒక కోడు పొట్టిది, ఎన్నో ఏళ్ళుగా ఆయన ఒక పక్కకు జారుతూ పడుకుంటున్నాడు. ఇప్పుడు ఆ కోడు కింద మంజిరి వాళ్ళన్న ట్యాంకుల ఆట ఉంది. మంచం ఇంచు కూడా కదలడం లేదు.

"మల్లయ్యకే ఇచ్చి మాకెందుకియ్యలే సేటు? మేం నీ దగ్గర కొంటలేమా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

బాపు గొంతు సవరించుకున్నాడు. "అది కంపెనోళ్ళు గలత్ పంపిండ్రు. వాపస్ అడుగుతుండ్రు."

రాజవ్వ నిదానంగా తమలపాకు మడుస్తూ ఆయన ముఖంలోకి చూసింది. "ఏ కంపెనోళ్ళు సేటు? సంచి మూతి మీద మీ ఇంటామె కుట్టే ఉన్నది. ఏటికి నాలుగు సంచులు ఇప్పుత, నాకెర్క లేదా?"

బాపు నా వైపు చూశాడు. నేను మంచం కోడు వైపు చూస్తున్నాను, కళ్ళలో నీళ్ళు ఆగడం లేదు. తరాజు ముల్లు దగ్గర ఏనాడూ ఎవరితోనూ మాట పడనివాడు, తప్పయిందని నా ఎదుట అమ్మతో కూడా ఎప్పుడూ అనని మనిషి, అంతమందిలో తల గీరుకున్నాడు.

"నా బిడ్డ ఆడుకునేది అవ్వా. సదువుతలేదని నేనే పప్పుల దాసిన. గది మాది గూడ కాదు, వేరేటోళ్ళది. తప్పు నాదే."

రాజవ్వ ఆకు నోట్లో పెట్టుకుని నన్ను కింది నుంచి మీదికి చూసింది. "మరి దాస్తే సదివిందా?"

"లేదు" అన్నాడు బాపు.

అప్పుడు మొదలైన నవ్వు వాకిలి దాటి రోడ్డు దాకా పోయింది. మల్లయ్య మంచం ఎత్తి పట్టుకుంటే రాజవ్వ క్యాసెట్ తీసి కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. బాపు అక్కడితో వదల్లేదు. ఒక చెక్కముక్క వెతికి, కోడు కింద పెట్టి, అది ఎక్కువైతే కొడవలితో చెక్కి, మళ్ళీ పెట్టి, చివరికి చొక్కా నలిగిపోతుందని కూడా చూడకుండా ఆ మంచం మీద వెల్లకిలా పడుకుని అటూ ఇటూ దొర్లి చూశాడు. మాకు జొన్నరొట్టె, పప్పు పెట్టారు. మా పప్పే. దాన్ని తింటూ బాపు, బాగా ఉడికింది, సరుకు మంచిది అన్నాడు.

ఇంటికి వచ్చి పెడితే తెర తెల్లగా వచ్చింది. ఊదాను, రాలేదు. అమ్మ జడపిన్నుతో గెలికితే లోపలనుంచి ఒక పప్పుబద్ద పడింది. తర్వాత ట్యాంకులు వచ్చాయి.

నేను దాన్ని తీసి గుడ్డలో చుట్టబోతుంటే బాపు ఆపాడు. "ఇంత దూరం తిరిగినం. లోపల ఏమున్నదో సూడాలె" అని నా పక్కన చాప మీద కూర్చున్నాడు. ఆయన ట్యాంకు ఎడమకు పోతే ఆయన కూడా ఎడమకు ఒరిగేవాడు, కుడికి పోతే నా మీద పడేవాడు. మా కోటను కాపాడాలని చెప్పాను. మొదటి దెబ్బ తిన్నగా మా కోటకే కొట్టి, నా దుకాణం నేనే కాల్చుకున్న అన్నాడు. రెండోసారి తన ట్యాంకును కోట ముందు నిలబెట్టి అక్కడినుంచి కదలనే లేదు. ముందుకు రా బాపూ అని నేను అరిస్తే, గల్లా ఇడిసి ఎవడన్న పోతడా అన్నాడు. ఆయన కదలకుండా కాపలా ఉన్నాడు, నేను తిరిగి తిరిగి కొట్టాను, గెలిచాం. మూడో ఆటకు కరెంటు పోయింది. చీకట్లో చాలాసేపు, ఆట రిమోటు చేతిలో పట్టుకునే, కరెంటు వస్తుందేమోనని కూర్చున్నాడు. అంత సంతోషం నాకు మళ్ళీ ఏ ఆటలోనూ రాలేదు.

ఆదివారం పొద్దున్నే క్యాసెట్‌ను కొత్త కాగితం సంచిలో పెట్టి నాతో పాటు ఆయన కూడా బొగ్గుగనుల కాలనీకి వచ్చాడు. మంజిరి చేతికి తనే ఇచ్చి, నమస్కారం పెట్టి మరీ వచ్చాడు. ఆ పిల్ల భయపడింది.

లక్కడ్‌కోట్ వాళ్ళు మాత్రం వదల్లేదు. బజారుకు వచ్చినప్పుడల్లా సంచిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఇయ్యాల ఏం దాసినవ్ సేటు అనేవాళ్ళు. అమ్మ గరిటెతో గుచ్చి చూడకుండా ఏ సంచీ కుట్టేది కాదు. బాపు మళ్ళీ ఏదీ దాచలేదు, నేను ఏడో తరగతిలోనూ అంతంతమాత్రంగానే చదివాను.

ఇప్పుడు ఆ దుకాణం చోట ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. పప్పు నున్నటి పాకెట్లలో వస్తోంది, లోపల ఏముందో బయటికే కనబడుతుంది, చెయ్యి పెట్టే వీలు లేదు. బాపు పోయి ఆరేళ్ళయింది. ఆయన ఉన్నప్పుడే ఒకసారి మంజిరి పుణే నుంచి ఫోను చేసి, మాటల్లో నవ్వుతూ చెప్పింది, ఆ దీపావళికి ఆరునెలల ముందే వాళ్ళింట్లో వీడియో గేము పాడైపోయిందట, వాళ్ళన్న ఆ క్యాసెట్ ఒక్కసారి కూడా అడగలేదట, తర్వాత పాతసామానువాడికి వేసేశారట. ఆ సంగతి నేను బాపుకు చెప్పలేదు.

బీరువా రెండో అరలో ఒక క్యాసెట్ పట్టేంత చోటు ఖాళీగా ఉంచాను. చూసినవాళ్ళు అక్కడ ఏం రావాలని అడుగుతారు. ట్యాంకుల ఆట అంటే, అదెంత, ఎక్కడపడితే అక్కడ దొరుకుతుందని ముగ్గురు మూడు తెచ్చిచ్చారు. అచ్చం అలాంటివే. మూడింటినీ ఆడి చూసి, ఎవరివి వాళ్ళకు వాపస్ ఇచ్చేశాను. బాపు నాతో కలిసి ఆడింది జీవితంలో ఒక్క సాయంత్రమే, ఆ క్యాసెట్ మాది కాదు.