గుంపు మారిన బొమ్మ

పొద్దున్నే లేచి ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసి కిటికీ కొక్కేనికి తగిలించడం పిన్నికి పెళ్ళైన నాటి నుంచీ అలవాటు. భర్త బస్సు డ్రైవరు. ఆయన పోయాక కూడా ఆ పని మానలేదు. మారిందల్లా ఒకటే. ఇప్పుడా చొక్కా ఎవరూ తొడుక్కోరు. సాయంత్రం తనే తీసి, తడిపి ఆరేసి, తెల్లారి మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంటుంది.

పైవాటాలో కొత్తగా దిగిన అమ్మాయికి ఇదేం తెలుసు? కిటికీలో చొక్కా చూసి, ఈయనెవరో పెందలాడే డ్యూటీకి పోయే మనిషనుకుంది. ఆ అమ్మాయిది మెదడుకు బొమ్మలు తీసే చోట ఉద్యోగం. తోడున్నవాళ్ళవి ఒక గుంపు, తోడు పోయినవాళ్ళవి ఒక గుంపు చేసి పోల్చి చూస్తారట. పెద్ద వయసువాళ్ళు కావాలి, వస్తారా అని అడిగింది.

"మీ ఇంట్లో ఎవరెవరుంటారు పిన్నీ?"

"మేమిద్దరమే," అంది పిన్ని. నోరు దానంతటదే అనేసింది. అన్నాక దిద్దుకోబుద్ధి కాలేదు. పైపెచ్చు, "నీకు మెదడే లేదంటాడు మా ఆయన. ఉందని బొమ్మ తీసివ్వు, చూపిస్తా," అని నవ్వించింది కూడా.

గొట్టం లాంటి మిషన్లో కదలకుండా పడుకోమన్నారు. లోపల ఒకటే డబడబ చప్పుడు. ఆయన పాత బస్సు ఇంతకంటే నయం అనుకుంది.

బొమ్మలో ఆలోచనలు కనబడవని, మెదడులో ఏయే చోట్లు జట్టుకట్టి పనిచేస్తున్నాయో అదే తెలుస్తుందని ఆ అమ్మాయి తర్వాత చెప్పింది. ఒక్కరి బొమ్మతో ఏమీ తేలదట. రెండు గుంపులవీ చోటు చోటూ పోల్చి, తేడా నిజమైనదా, ఊరికే అలా పడిందా అని లెక్క కట్టాలట. అన్నం ఉడికిందనడానికి ఒక్క మెతుకు చాలు గానీ, ఇక్కడ కుండంతా వంచి చూడాలన్నమాట.

రేపే పోల్చడం మొదలుపెడతామని కూడా అంది. ఆ మాట విన్నాక పిన్నికి ముద్ద దిగలేదు. తన మెతుకు వేరే కుండలో పడింది. ఆ పిల్ల పనంతా తన మూలాన పాడైపోతే? చెబుదామంటే, ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనని మాట నోటితో అనాలి.

పైకెళ్ళి, గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఆయన లేడమ్మా. పోయాడు. చొక్కా ఒక్కటే ఉంది."

ఆ అమ్మాయి కోప్పడలేదు. లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. ఇంకా మొదలుపెట్టలేదు, సరిచేసుకోవచ్చంది.

"మళ్ళీ పడుకోవాలా అందులో?"

"అక్కర్లేదు పిన్నీ. బొమ్మ అదే. గుంపే మారుతుంది."

"ఆ గుంపులో చాలామందే ఉన్నారా?"

"ఉన్నారు."

"అయితే నేనొక్కదాన్నే కాదన్నమాట," అంది పిన్ని. ఆ రాత్రి కడుపునిండా తింది.

తెల్లారి లేచి ఇస్త్రీపెట్టె వేడి చేసింది. పైవాటా అమ్మాయి డ్యూటీకి వేసుకునే తెల్లకోటు అడిగి తెప్పించుకుని, కాలరు దగ్గర నొక్కి నొక్కి రుద్ది ఇచ్చింది. తర్వాత ప్లగ్గు పీకేసి టీ కప్పుతో కిటికీ దగ్గర కూర్చుంది. ఖాకీ చొక్కా ముడతలతో అలాగే తీగమీద ఉంది, ఎండ కాగుతూ.